చేతిలో బరువు – చెవిలో పాట

వ్యాయామశాలకు మన తెలుగునాట పెద్దల నోట ఉన్న పేరు తాలింఖానా. కసరత్తు, తాలీము అను రెండు మాటలును ఉర్దూనుండి వచ్చి మన పలుకుబడిలో స్థిరపడినవే. తాలీమనగా విద్య. కండలు పెంచు చోటునకు కూడ చదువు పేరే యుండుట మాకు ముచ్చట గొల్పుచుండును. కోడి రామమూర్తి నాయుడుగారు (1882–1942) బలప్రదర్శనలతో దేశమంతట పేరు మోసిన కాలమున దండీలు, బస్కీలు, గద, రాతిగుండు, ఇవియే సామగ్రి. కర్రసాముకు డప్పు దరువు తోడు. 2000వ సంవత్సరమున సిడ్నీ ఒలింపిక్సులో 69 కిలోల విభాగమున కరణం మల్లీశ్వరిగారు మొత్తము 240 కిలోలెత్తి కాంస్యపతకము తెచ్చినప్పటికి, తీగలేని ఇయర్‌బడ్స్ అను వస్తువే లోకమున లేదు. రెండు చెవులకు రెండు వేరు ముక్కలై, నడుమ తీగ ఏమియు లేకుండ పాడు ఈ సాధనములు 2014–16 సంవత్సరముల నడుమ పుట్టినవి. పదేండ్లు గడువకమునుపే ఇవి లేక బరువు పైకి లేవదనువారు మా ఊరిలోనే బయలుదేరిరి.

మా ఇబ్రహీంపట్నమున రింగు సెంటరుకు దగ్గరగా, ఒక మేడపై రేకుల కప్పు క్రింద జిమ్ము ఒకటి కలదు. కళాశాల విడిచిన పిదప సాయంకాలము మేము నలుగురైదుగురము అచటికి పోవుచుందుము. వేసవిలో ఉష్ణోగ్రత నలుబది డిగ్రీలు దాటిన దినములలో కృష్ణమీదినుండి వచ్చు గాలి కూడ తడిగానే యుండును. ఇనుప కడ్డీ పట్టినచో చేయి జారును. మాకు నేర్పువానిని అందరును ఉస్తాదు అనియే పిలుచుదురు. గోడకు రెండు పెద్ద స్పీకర్లు. వానిలో ఒకే పాట పదిమారులు. అందుచేత ఎవరి పాట వారి చెవిలో పెట్టుకొనుట అలవాటైనది.

మా మిత్రుడొకడు వేకువన ఇంటింటికి పాల ప్యాకెట్లు వేసి, పగలు డిగ్రీ చదువుచున్నాడు. ఇయర్‌బడ్స్ కొనుటకై అతడు కూడబెట్టినది రెండువేల అయిదువందల రూపాయలు. జిమ్ము రుసుము నెలకు ఆరువందలు. అనగా నాలుగు నెలల రుసుము, పైన నూరు. "భాయ్, ఇది వృథా అయితే మళ్ళీ ఇంత పోగెయ్యటానికి ఏడాది పడుతుంది. మీరే చూసి చెప్పండి" అని ఆ సొమ్ము మా ముందుంచెను.

డబ్బుకంటె పెద్ద చిక్కు వాని యింటిలో కలదు. వాని తండ్రి – మేము చాచా అని పిలుచువారు – ముప్పది ఏండ్లు ఒక ధాన్యపు మిల్లులో యంత్రముల నడుమ పనిచేసి వినికిడి పోగొట్టుకొనిరి. కొడుకు చెవిలో ఏదియైనను పెట్టుకొనుటకు తల్లి ఒప్పుకొనుట లేదు. "ఇంట్లో ఒకరితో అరిచి మాట్లాడుతున్నది చాలదా బాబూ?" అని ఆమె మమ్ములను అడిగినప్పుడు మాయొద్ద సమాధానము లేకపోయెను. కావున మేము పరీక్షింపవలసినవి రెండైనవి: వస్తువు నిలుచునా, చెవి నిలుచునా.

అంగడివాని మాటలు, పెట్టెమీది అంకెలు నమ్మక, తెలిసినవారియొద్దనుండి మూడు రకములు అడిగి తెచ్చితిమి. ఒకటి రబ్బరు తొడుగుతో చెవి తూములోనికి పోవునది, వెల వేయి పైచిలుకు. రెండవది అటువంటిదే గాని చెవి వెనుకకు తిరుగు కొక్కెమును, నొక్కు బొత్తామును గలది, వెల రెండువేల మూడువందలు. మూడవది తూములో దూరక, చెవి అంచును క్లిప్పువలె పట్టుకొని బయటనుండి పాడునది, వెల మూడువేలు పైన. ఏప్రిలు, మే నెలలలో ఆరు వారములు వంతులవారీగా వాడితిమి.

మొదటి దినముననే తేలినది చెవుల సంగతి. పెట్టెలో మూడు కొలతల రబ్బరు తొడుగులు ఇత్తురు. మనవారిలో నూటికి తొంబదిమంది నడిమిది తగిలించుకొని తక్కిన రెండింటిని పారవేయుదురు. మాలో ఒకనికి కుడిచెవికి నడిమిది సరిపోగా ఎడమచెవికి చిన్నది కావలసి వచ్చెను. తొడుగు సరిగా బిగిసినచో బయటి రొద తగ్గి, మృదంగపు గుమికి నిండుదనము వచ్చును. సందున్నచో ఆ గుమికి అంతయు బయటికి జారిపోవును. అప్పుడు వినువాడు వస్తువును తిట్టి ధ్వని పెంచును. కావున ఇది సౌఖ్యమునకు సంబంధించిన విషయము మాత్రమే కాదు. చెవికెంత దెబ్బ తగులునో ఆ రబ్బరు ముక్కయే చాలవరకు నిర్ణయించును.

బస్కీలు తీయునపుడు మూడును నిలిచినవి. తాడాట ఆడునపుడు కొక్కెము లేనిది రెండుమారులు ఎగిరిపడి, రెండవమారు ట్రెడ్‌మిల్లు క్రిందికి దొరలెను. దానిని వెదకుటకు పట్టిన కాలములో మరియొక సెట్టు ముగిసెడిది. బల్లపై వెల్లకిల పడుకొని బరువెత్తునపుడు క్లిప్పు రకము తల ప్రక్కకు తిరిగినంతనే బల్లకు తగిలి కదలిపోవును. కొక్కెమున్నది ఏ భంగిమలోను కదలలేదు. అయితే కళ్ళజోడు పెట్టుకొనువారికి చెవి వెనుక రెండు వస్తువులు ఒరసికొని గంటసేపటికి నొప్పి పుట్టును. కళ్ళజోడు గల మా మిత్రుడొకడు దానిని మూడవ దినముననే తిరిగి యిచ్చివేసెను.

ఇక చెమట. పెట్టెలమీద ఐపీఎక్స్ 4, ఐపీఎక్స్ 5, ఐపీఎక్స్ 7 అని వ్రాసియుండును. నాలుగనగా ఏ దిక్కునుండి చిందిన నీటికైనను తట్టుకొనుట. అయిదనగా గొట్టముతో చిమ్మిన ధారకు. ఏడనగా మీటరు లోతున అరగంట మునుగుటకు. ఎక్స్ అను అక్షరమున్నచో దుమ్ము విషయమున ఏ అంకెయు ఈయలేదని అర్థము. ఐపీ 55 వంటి గుర్తులో మొదటి అయిదు దుమ్మునకు సంబంధించినది. 1979నుండి విద్యుత్తు ఇచ్చుచున్న థర్మల్ కేంద్రమును, ఆ బూడిదను తరలించు లారీలును గల మా ఊరిలో ఆ మొదటి అంకెను చూడక కొనరాదు. మరియొక మెలిక కలదు. ఈ పరీక్షలన్నియు మంచినీటితో చేయునవి. చెమటలో ఉప్పున్నది. ఆ ఉప్పు ఛార్జింగు కొరకుండు చిన్న లోహపు బిళ్ళలను తినివేయును. పైగా మునిగిన తట్టుకొనునని వ్రాసినది ఇయర్‌బడ్స్ సంగతియే. వానిని దాచు డబ్బీకి ఆ హామీ సాధారణముగా ఉండదు. తడి ఇయర్‌బడ్సును డబ్బీలో వేసి మూతవేయువాడు చెమటను తాళము వేసి దాచుకొనుచున్నాడన్నమాట. నీటివలన చెడినచో వారంటీ చెల్లదని చిన్న అక్షరములలో వ్రాసికొను తయారీదారులు కూడ కలరు. మేము దినమును పొడిగుడ్డతో తుడిచి, పది నిమిషములు గాలికి ఉంచి, ఆ తరువాతనే డబ్బీలో పెట్టుచుంటిమి.

తాకుటతో పనిచేయునవి చెమట చేతికి లోబడవు. పాట మార్చబోగా ఆగును, ఆపబోగా ఎవరికో ఫోను పోవును. నొక్కు బొత్తాము మోటుగా నున్నను జిమ్ములో అదియే మేలు. బ్యాటరీ సంగతి త్వరగా ముగింతము: నలుబది గంటలని పెద్ద అక్షరములతో వ్రాసినది డబ్బీలోని నిలువతో కలిపిన లెక్క. మనకు కావలసినది గంటన్నర. దానికై అధికముగా వెల పెట్టనక్కరలేదు. లోపలి చిన్న బ్యాటరీ ఏండ్లు గడిచినకొలది క్షీణించును, చాలవానిలో దానిని మార్చుటకు వీలుండదు. పదవ శతాబ్దపు డెన్మార్కు రాజు హెరాల్డు బిరుదునుండి పేరు తెచ్చుకొన్న బ్లూటూతు, 2.4 గిగాహెర్ట్జుల తరంగములపై నడచును. నీటితో నిండిన మన దేహము ఆ తరంగములను పీల్చుకొనును. ఫోనును ఇనుప అలమారలో పెట్టి గది అవతలి చివరకు పోయినప్పుడు పాట తునకలుగా తెగినది.

మాకు ఎక్కువ కాలము పట్టినది ధ్వని విషయము. ప్రపంచ ఆరోగ్య సంస్థ లెక్క ప్రకారము పెద్దలు 80 డెసిబెల్ల ధ్వనిని వారమునకు 40 గంటలు వినవచ్చును. ఆపైన ప్రతి 3 డెసిబెల్లకు సమయము సగమగును: 83కు 20 గంటలు, 86కు 10 గంటలు, 90కి నాలుగే గంటలు. వారమునకు ఆరు దినములు, దినమునకు గంటన్నర చొప్పున మేము జిమ్ములో గడపునది తొమ్మిది గంటలు. బస్సులో, రాత్రి పడకమీద వినునది దీనికి అదనము. కావున 86 దాటరాదు. ఇంకను తగ్గించుట మంచిది. గోడమీది స్పీకర్లు మ్రోగుచుండగా మా పాట మాకు వినబడుటకు ఫోనులో ధ్వనిని నూటికి ఎనుబది వంతుల వరకు పెంచవలసి వచ్చెను. అవి ఆగిన దినమున ఏబది చాలెను. క్లిప్పు రకము రొదను ఏమాత్రము ఆపదు గనుక దానికి ఎనుబదియు చాలకపోయెను. రోడ్డుమీద మాత్రము అదియే మంచిది. జిమ్ము మెట్లు దిగిన అడుగు దూరమున హైదరాబాదు లారీలు పరుగెత్తు 65వ నంబరు జాతీయ రహదారి. చెవులు మూసికొని దానిని దాటువానిని వెనుకనుండి వచ్చు హారను కాపాడజాలదు.

ఒక సాయంకాలము మా మిత్రుని యింట ఇయర్‌బడ్సును చాచాగారి చెవిలో పెట్టి పాత పాట వినిపించితిమి. వారు వ్రేళ్ళతో మంచపుపట్టెపై తాళము తప్పకుండ వేసిరి. "డోలు బాగుంది. పాడేవాడు ఏమంటున్నాడు?" అని అడిగిరి. రొదవలన చెడిన చెవి మొదట పోగొట్టుకొనునది 4000 హెర్ట్జుల పరిసరములోని సన్నని ధ్వనులను. స, శ, త వంటి హల్లుల పదును ఆ పైస్థాయిలోనే ఉండును. అందుచేత గొంతు వినబడును, మాట తెలియదు. లోపలి చెవిలోని రోమకణములు ఒకమారు నశించినచో మరల మొలవవు. ధ్వని పెంచుడని చాచా సైగ చేసిరి. కొడుకు పెంచలేదు. తల్లి గుమ్మమున నిలిచి చూచుచుండెను.

మరునాడు మేము జిమ్ము యజమానిని కలిసి స్పీకర్ల ధ్వని తగ్గింపుమని అడిగితిమి. ఇయర్‌బడ్స్ ఎంత మంచివి కొన్నను గోడమీది రొదతో పోటీపడవలసియున్నంతవరకు చెవికి రక్ష లేదని మాకు నిశ్చయమైనది. పాట లేకున్న కుర్రవాండ్రు రారని ఆయన భయము. నాలుగు దినములు తిరిగి, సాయంకాలము ఆరునుండి ఏడున్నరవరకు సగము ధ్వనికి ఒప్పించితిమి. ఎవరును మానివేయలేదు.

మిత్రుడు విజయవాడ బీసెంటు రోడ్డుకు పోయి కొక్కెమును బొత్తామును గల రకమునే రెండువేల రెండువందలకు కొనెను. మిగిలిన మూడువందలతో తల్లికి ఏదో తెచ్చినట్లు వినికిడి. కొన్ని ఫోనులలో ధ్వనికి హద్దు పెట్టి, దానిని మార్చకుండ అంకెలతో తాళము వేయు ఏర్పాటు కలదు; వాని ఫోనులోను ఉన్నది. ఆ హద్దును అరువదివద్ద నిలిపి, తాళపు అంకెలను తల్లిచేతనే పెట్టించితిమి. అవి ఏమైనదియు నేటివరకు వానికి తెలియదు. ఉస్తాదుకు కూడ ఒక దినము పెట్టి చూపితిమి. ఒక పాట విని తీసి యిచ్చివేసెను. దండీల లెక్క తప్పుచున్నదట.