గొంతును పెంచేది ఊరే

ఇంగ్లండు ఉత్తరాన, లాంకషైర్‌లో, ప్రెస్టన్‌కూ బ్లాక్‌బర్న్‌కూ నడుమ హయ్యర్ వాల్టన్ అనే చిన్న ఊరుంది. నేను ఉద్యోగానికి పోయివచ్చే దారి అదే. 1912 ఏప్రిల్ 22న కాథ్లీన్ ఫెరియర్ అక్కడే పుట్టింది. ఆమె పాట విన్న పెద్దవాళ్లు ఆ పేరెత్తితే ఇప్పటికీ గొంతు తగ్గించి మాట్లాడతారు.

ఆమె పాడినవాటిలో ఆపెరా ఒకటి. కథంతా పాటలోనే నడిచే నాటకం అది, మన పద్యనాటకానికి దగ్గరి చుట్టం. మైకు ఉండదు. వాద్యబృందమంతా మోగుతుండగా ఒక్క మనిషి గొంతు చివరి వరుస దాకా చేరాలి. జమ్మలమడుగులో పుట్టి, తిరునాళ్లలో తెల్లవార్లూ నాటకాలు చూసి పెరిగినదాన్ని కాబట్టి మాట అర్థం కాకపోయినా ఆ పాట నాకు పరాయిదిగా తోచలేదు. రాగం తీసి, ఊపిరి బిగబట్టి, పద్యం చివర గొంతు నిలబెట్టే మా వైపు నటుల కష్టం అందులో వినబడింది.

ఆమె తండ్రి బడిపంతులు. పద్నాలుగేళ్లకే చదువు మానిపించి బ్లాక్‌బర్న్ టెలిఫోను ఎక్స్ఛేంజీలో పనికి పెట్టారు. ఒకప్పుడు మన దేశానికి పంచెల గుడ్డ నేసి పంపిన మిల్లుల ఊరు అది. 1935లో ఫోనులో టైము చెప్పే గొంతు కోసం టెలిఫోను ఆపరేటర్లకు పోటీ పెడితే ఈమే వెళ్లింది. ఎంపిక కాలేదు. అప్పటికి ఆమెకున్న పేరంతా పియానోదే. 1937లో కార్లైల్ ఊరి సంగీత పోటీల్లో పియానోకు పేరిచ్చింది. పాటకు కూడా నిలబడగలవా అని భర్త ఒక షిల్లింగు పందెం కాశాడు. రెండింటిలోనూ ఆమే గెలిచింది. అప్పటికి సుమారు పాతికేళ్లు, గాత్రంలో పద్ధతిగా శిక్షణ ఇంకా మొదలే కాలేదు.

తర్వాతి పదహారేళ్లలో ఆమె చేరిన ఎత్తు ఆశ్చర్యం గొలుపుతుంది. యుద్ధకాలంలో ఫ్యాక్టరీల్లో కార్మికుల ముందు పాడింది. 1942లో లండన్ చేరింది. 1946లో గ్లైండ్‌బోర్న్‌లో బెంజమిన్ బ్రిటెన్ కొత్త ఆపెరాలో లుక్రీషియా వేషం కట్టింది. మరుసటి ఏడు అక్కడే గ్లుక్ రచనలో ఆర్ఫియస్ అయింది. జీవితమంతా ఆపెరా రంగస్థలం మీద వేసినవి ఆ రెండు పాత్రలే. మిగతా కీర్తి కచేరీలదీ రికార్డులదీ. 1951లో రొమ్ము క్యాన్సర్ బయటపడింది. 1953 ఫిబ్రవరి 6న లండన్ కోవెంట్ గార్డెన్‌లో ఆర్ఫియస్‌గా పాడుతుండగా జబ్బుతో గుల్లబారిన తొడ ఎముక రంగం మీదే విరిగింది. నొప్పి బయటికి తెలియనివ్వక చివరిదాకా పాడింది. అదే ఏడు అక్టోబరు 8న 41 ఏళ్లకే కన్నుమూసింది.

ఈ కథలో నన్ను అన్నిటికన్నా పట్టి నిలిపేది కార్లైల్ పోటీ. ఇక్కడ చిన్న చిన్న ఊళ్లలో కూడా అలాంటి పోటీలు జరుగుతాయి. నడిపేవాళ్లు పంతుళ్లు, చర్చిలో ఆర్గన్ వాయించేవాళ్లు, ఉద్యోగం చాలించినవాళ్లు. బయటినుంచి జడ్జీని పిలిపిస్తారు. ఆయన మార్కులు వేసి ఊరుకోడు. ఏది బాగుంది, ఏది దిద్దుకోవాలి అని ఒక్కొక్కరికీ కాగితం మీద రాసిస్తాడు. మా పాప ఓడిపోయిన పోటీలో వచ్చిన కాగితాన్ని ఇప్పటికీ పియానో మీదే పెట్టుకుంది. అలాంటి పోటీ ఒకటి అప్పట్లో తానుంటున్న ఊరికి దగ్గర్లో లేకపోయి ఉంటే ఫెరియర్ గొంతు ఇంటి గోడలు దాటేదా?

మా కడప జిల్లాకూ గొంతెత్తి పాడటం తెలియని విద్యేమీ కాదు. 1885లో వనారస గోవిందరావు గారి కుటుంబం 'కీచక వధ' ఆడి సురభి నాటక సమాజానికి నాంది పలికిన సురభి గ్రామం మా జిల్లాదే, నేటి పులివెందుల నియోజకవర్గంలోని చక్రాయపేట మండలంలో ఉంది. ప్రొద్దుటూరు అగస్త్యేశ్వరాలయంలో కూర్చుని పుట్టపర్తి నారాయణాచార్యులు రాసిన 'శివతాండవం' గొంతెత్తి పాడితేనే నిండుగా వినిపించే కావ్యం.

ఇక సినీనటుడు పద్మనాభం గారి సంగతి. పులివెందుల దగ్గర సింహాద్రిపురంలో 1931లో పుట్టారు. చిన్నప్పుడే నాటక పద్యాలు పాడటం పట్టుబడింది. ఆ గొంతు పట్టుకునే మద్రాసు వెళితే నటి కన్నాంబ గారు చేరదీశారు. లోకం ఆయన్ను హాస్యనటుడిగా గుర్తుపెట్టుకుంది గానీ, నిర్మాతగా తీసిన 'శ్రీశ్రీశ్రీ మర్యాద రామన్న'లో ఆయన చేసిన పని ఇంకా గొప్పది. మద్రాసులో ఒక పాటల పోటీలో విని సంగీత దర్శకుడు కోదండపాణి మెచ్చిన కుర్రవాడికి ఆ సినిమాలో మొదటి పాట ఇచ్చారు. ఆ కుర్రవాడు ఎస్.పి. బాలసుబ్రహ్మణ్యం. ఆ గొంతును బయటపెట్టింది ఒక పోటీ. దానికి తలుపు తీసింది, ఒకప్పుడు తనకూ ఒకరు తలుపు తీసిన సంగతి మరవని సింహాద్రిపురం మనిషి.

ఫెరియర్ పేరు మీద 1956 నుంచి ఇక్కడ యువగాయకులకు పురస్కారాలు ఇస్తున్నారు. మా జిల్లాలో మూడు ఊళ్లు ఒక మాట అనుకుంటే అలాంటిది అక్కడా నడుస్తుంది. పద్యగానం పోటీ ఒక ఏడు ప్రొద్దుటూరులో, ఒక ఏడు జమ్మలమడుగులో, ఒక ఏడు పులివెందులలో పెట్టుకోవచ్చు. పద్దెనిమిదేళ్ల లోపు పిల్లలు, ఆడామగా అందరూ పాడాలి. మొదటి విడత మైకు లేకుండా జరగాలి. నాటకాల్లో పండిన నటుడే జడ్జీ కావాలి, ప్రతి బిడ్డకూ నాలుగు మాటలు రాసివ్వాలి. గెలిచిన బిడ్డకు షీల్డు బదులు ఏడాదిపాటు గురువు ఫీజు కట్టాలి. దసరాను అంత ఘనంగా జరిపే ప్రొద్దుటూరుకు ఇది పెద్ద బరువు కాదు.

పరదేశాల్లో ఉన్న కడప వాళ్లం దేవళాలకు ఇస్తున్నాం, బడులకు ఇస్తున్నాం. అందులో ఒక పాలు పాటకు తీద్దాం. హార్మోనియం వాయించేవారి పారితోషికం, మొదటి ఏడాది గురువు ఫీజు నేను పెట్టుకుంటాను. హాలు మాట్లాడి, బడిబడికీ తిరిగి పిల్లల పేర్లు రాసుకునేవాళ్లు ఊళ్లో ముందుకు రావాలి.