ముల్లు కదలని మీటరు

మన వసతి గృహం వార్షికోత్సవ సంచికకు ఏదైనా వ్యాసం రాసివ్వమని వార్డెన్ సార్ చెప్పినప్పుడు, చాలామంది మిత్రులు క్రమశిక్షణ గురించి, చెట్ల పెంపకం గురించి రాస్తామన్నారు. మేము నలుగురం మాత్రం దసరా సెలవుల్లో కొడకండ్లలో ఒక జీపుకు ఆయిల్ కూలర్ బిగించిన సంగతి రాయాలనుకున్నాం. అది మెకానిక్ పని కదా, చదువుకునే పిల్లలకెందుకు అనుకోవద్దు. ఆ జీపు మీద మాలో ఒకడి చదువు ఆధారపడి ఉంది.

ఆ మిత్రుడిది కొడకండ్ల పక్కన చిన్న పల్లె. వాళ్ళ బాపు పాత టర్బో డీజిల్ జీపు నడుపుతాడు. తొర్రూరుకు, జనగామ రైల్వే స్టేషన్‌కు, జబ్బు చేసినవాళ్ళుంటే వరంగల్ ఎంజీఎం ఆసుపత్రికి మనుషులను తీసుకుపోతాడు. గత ఎండాకాలం మిట్టమధ్యాహ్నం నిండు బండితో వస్తుంటే దారిలో ఇంజిన్ పట్టేసింది. బాగుచేయించడానికి మిత్తికి అప్పు తెచ్చారు. బడులు తెరిచాక పదిహేను రోజులు మావాడు హాస్టల్‌కు రాలేదు. కూలికి పోతున్నాడని తర్వాత తెలిసింది. వార్డెన్ సార్ వాళ్ళింటికి పోయి, నచ్చజెప్పి తీసుకొచ్చారు. వచ్చేటప్పుడు వాళ్ళ బాపు, "ఇంకోసారి బండి ఆగితే నాతోని గాదు బిడ్డా" అన్నాడట. ఆ మాట మా అందరికీ గుచ్చుకుంది.

ఇంజిన్ ఎందుకు పట్టేసిందో మెకానిక్ అన్న మాకు విప్పి చూపించాడు. రేడియేటర్‌లో ఏళ్ళ తరబడి బోరు నీళ్ళే పోశారు. ఆ ఉప్పు నీళ్ళకు లోపలి సన్నటి గొట్టాల్లో తెల్లటి పొర గట్టిగా పేరుకుపోయింది. బయట రెక్కల మధ్య దుమ్ము, మట్టి. ఇక టర్బో సంగతి. ఇంజిన్ వదిలే వేడి పొగతో ఒక చక్రం తిరుగుతుంది. అదే ఇరుసు మీద ఉన్న రెండో చక్రం గాలిని ఇంజిన్‌లోకి ఒత్తి పంపుతుంది. 1905లోనే స్విట్జర్లాండ్ ఇంజనీరు ఆల్ఫ్రెడ్ బూషి దీనికి పేటెంట్ తీసుకున్నాడు. చిన్న బండ్ల టర్బోలో ఆ ఇరుసు నిమిషానికి లక్ష చుట్లకు పైగా తిరగగలదు. దాన్ని కాపాడేది సన్నటి ఆయిల్ పొర ఒక్కటే. ఆయిల్ మరీ కాగితే పలచబడుతుంది, ఆ పొర తెగుతుంది. పైగా మావాడి బాపు డీజిల్ కలిసొస్తుందని బండి ఆపీ ఆపగానే తాళం తీసేవాడు. అప్పుడు ఆయిల్ కదలక, కాగుతున్న టర్బోలో నిలిచి మాడి మసి అవుతుంది. దూరం నుంచి వచ్చాక ఒకటి రెండు నిమిషాలు ఇంజిన్ నెమ్మదిగా తిరగనిచ్చి ఆపాలని అన్న చెప్పాడు.

సెలవుల్లో మేము పొద్దుననే అన్న షెడ్డుకు పోయేవాళ్ళం. ముందుగా రేడియేటర్ శుభ్రం చేయించి, బోరు నీళ్ళకు బదులు డిస్టిల్డ్ వాటర్‌లో కూలెంట్ కలిపి పోశాం. తర్వాత ఆయిల్ దించి, ఫిల్టర్ విప్పి, ఫిల్టర్‌కూ ఇంజిన్‌కూ మధ్య పళ్ళెం లాంటి అడాప్టర్ పెట్టాం. దాంట్లో చిన్న థర్మోస్టాట్ ఉంది. ఆయిల్ సుమారు 80 డిగ్రీలు దాటాకే కూలర్ దారి పూర్తిగా తెరుస్తుంది. ఎందుకంటే ఆయిల్ మరీ చల్లగా, చిక్కగా ఉన్నా ఇంజిన్‌కు మంచిది కాదు. అక్కడి నుంచి రెండు గొట్టాలు రేడియేటర్ ముందున్న కూలర్‌కు పోతాయి. కూలర్‌ను రేడియేటర్‌కు ఆనించకుండా కొంచెం సందు ఉంచాం.

ఫిట్టింగుల దగ్గర మాకు ఓపిక నేర్పింది ఆ పనే. ఈ గొట్టాల కొసలు 37 డిగ్రీల కోణంలో ఏటవాలుగా ఉంటాయి. లోహానికి లోహం ఆనుకుని కారకుండా ఆగుతుంది, టేపు అక్కర్లేదు. కూలర్ అల్యూమినియం కాబట్టి ఒక పానాతో దాన్ని పట్టుకుని, ఇంకో పానాతో నట్టు తిప్పాలి. బలం ఉంది కదా అని తిప్పితే థ్రెడ్లు పోతాయి. గొట్టం ఫ్యాన్‌కు, ఇనుప అంచుకు తగలకుండా కట్టాలి.

చివరి పని ఆయిల్ వేడి చూపించే సెన్సార్. అది మా చేతికి ఇచ్చి అన్న భోజనానికి పోయాడు. కారకూడదని మేము దానికి ఐదారు చుట్లు తెల్ల టేపు చుట్టి బిగించాం. అన్న వచ్చి ఇంజిన్ స్టార్ట్ చేశాడు. అరగంట తిరిగింది. నీళ్ళ మీటరు లేచింది. ఆయిల్ మీటరు ముల్లు మాత్రం అడుగునే ఉంది. మేము చప్పట్లు కొట్టాం. మావాడు వాళ్ళ బాపుకు ఫోన్ చేసి, "బాపూ, ఆయిల్ సల్లగ ఉంది, రేపు బండి తీస్కపోవచ్చు" అని చెప్పేశాడు.

అన్న మాట్లాడకుండా వంగి గొట్టం దగ్గర చెయ్యి పెట్టి, వెంటనే తీసేశాడు. "ముల్లు లేవలేదంటే సల్లగున్నట్టు గాదురా. దానికి కబురే అందలేదు" అన్నాడు.

అప్పుడు మాకు భౌతికశాస్త్రం పాఠం గుర్తొచ్చింది. లోహపు తీగ వేడెక్కితే నిరోధం పెరుగుతుంది. ఈ సెన్సార్‌లో దానికి తలకిందులు, వేడెక్కిన కొద్దీ నిరోధం తగ్గుతుంది. దీనికి ఉన్నది ఒకే వైరు. రెండో దారి దాని థ్రెడ్ల గుండా ఇంజిన్ ఇనుములోకి పోవాలి. మేము చుట్టిన టేపు ఆ దారినే మూసింది. వలయం తెగితే మీటరుకు అది చల్లదనం లాగే కనిపిస్తుంది. అన్న ఆ వైరు తీసి క్షణం పాటు బాడీకి తాకిస్తే ముల్లు చివరిదాకా ఎగిరింది. మీటరు మంచిదే, తప్పు మాది. టేపంతా ఊడదీసి, థ్రెడ్లు తుడిచి, పై థ్రెడ్ల మీద మాత్రం ఒక చుక్క సీలెంట్ రాసి బిగించాం. ఈసారి ముల్లు మెల్లగా లేచి 90 దగ్గర నిలబడింది. ముల్లు పైకి లేస్తుంటే మాకు అంత సంతోషం ఎప్పుడూ కలగలేదు.

ఆ రాత్రి మేము ఇంకో సంగతి మాట్లాడుకున్నాం. వేసవి సెలవులకు ముందు మావాడు అన్నం సగంలో వదిలేసేవాడు. అడిగితే "ఏం లేదురా, మంచిగనే ఉన్న" అనేవాడు. నిజమే కాబోలనుకుని మేము ఆటకు పోయేవాళ్ళం. బండి అప్పటికే రెండుసార్లు కాగి ఆగిందని, ఇంట్లో గొడవ నడుస్తోందని మాకెవరికీ తెలియదు. వాడు చెప్పలేదు, మేమూ చెయ్యి పెట్టి చూడలేదు.

ఇప్పుడు బండి నడుస్తోంది. అప్పు ఇంకా ఉంది, కానీ కొంచెం కొంచెం తీరుతోంది. మావాడు మాతోపాటే పదో తరగతి పరీక్షలు రాస్తాడు. ఈ వ్యాసం ముందు వాడికే చదివి వినిపించాం, రాయమన్నాడు, పేరు మాత్రం వద్దన్నాడు.

తమ్ముళ్ళారా! మీ పక్క మంచం మీది మిత్రుడు "మంచిగనే ఉన్న" అంటే అక్కడితో ఆగిపోవద్దు. ఇంటి దగ్గర కష్టం ఉంటే వార్డెన్ సార్‌కు గానీ, మాకు గానీ చెప్పండి.