ఎస్తెవెల్ గ్రామంలో ఒక భారతీయుని సమాధి

ఉత్తర ఫ్రాన్సులో లెన్స్ పట్టణానికి కొద్ది మైళ్ళ దూరాన ఎస్తెవెల్ అనే చిన్న గ్రామమున్నది. ఆ ప్రాంతమంతా ఒకప్పుడు బొగ్గు గనులు. 1990లో చివరి గని మూతపడినా, గనుల్లోనుండి తీసిపోసిన మట్టి నేటికీ గుట్టలుగా కనిపిస్తుంది. ఆ ఊరి సమాధుల తోటలో మేము వెదకినది ఒక్క సమాధినే. దానిమీద బెంగాలీ అక్షరాలున్నాయి. అంత దూరాన మన దేశపు లిపిని చూచి కొంతసేపు మౌనంగా నిలబడ్డాము.

అది ఇంద్రలాల్ రాయ్ సమాధి. ఆయన 1898 డిసెంబరు 2న కలకత్తాలో జన్మించి, లండనులో చదివాడు. కంటిచూపు చాలదని వైమానిక దళంవారు మొదట కాదన్నారట. తన మోటారు సైకిలు అమ్మి, ఆ సొమ్ముతో పేరున్న కంటి డాక్టరుకు చూపించుకొని, 1917లో దళంలో చేరాడని చెబుతారు.

ఆయన నడిపిన ఎస్.ఇ.5ఎ విమానంలో ఒక్కరికే చోటు. కర్ర చట్రానికి గుడ్డ బిగించి చేసినది. రెండు మరతుపాకులుండేవి. ఒకదాని గుండ్లు తిరిగే పంకా రెక్కలకు తగలకుండా వాటి సందులోనుండి పోయేట్లు అమర్చారు. బ్రిటిషు పైలట్లకు ఆ యుద్ధంలో పారాచూట్లు ఇవ్వలేదు. పైన నిప్పంటుకుంటే దూకి బ్రతికే దారి లేదు.

1917 డిసెంబరులో విమానం కూలి ఇంద్రలాల్ గాయపడ్డాడు. కోలుకొని 40వ స్క్వాడ్రనులో చేరి, 1918 జూలైలో రెండు వారాలలోపే 10 విజయాలు సాధించాడు. జూలై 22న కార్వన్ పట్టణం మీద జర్మను ఫోకర్ విమానాలతో పోరాడుతుండగా ఆయన విమానం మంటల్లో కూలింది. వయస్సు 19 సంవత్సరాలే. ఆయనకు నాయకుడైన మెకల్‌రాయ్ కూడా జూలై 31న మరణించాడు.

సెప్టెంబరులో ఇంద్రలాల్‌కు డిస్టింగ్విష్డ్ ఫ్లయింగ్ క్రాస్ పతకం ప్రకటించారు. ఆ గౌరవం పొందిన మొదటి భారతీయుడాయనే. 1998లో మన తపాలా శాఖ ఆయన పేర స్టాంపు వేసింది.

పాఠకులారా, ఆ 10 విజయాలను ఎలా తలంచాలి? కూల్చిన ప్రతి విమానంలోనూ ఒకరో ఇద్దరో యువకులు ఉన్నారు. వారికీ తల్లులున్నారు. ధైర్యాన్ని మెచ్చుకొనేటప్పుడు ఈ సంగతి మరువరాదు. మన గ్రామాల్లోనూ సైన్యానికి కుమారులను పంపి, ఉత్తరం కోసం ఎదురుచూసిన ఇండ్లున్నాయి. అట్టి ఇల్లు మీ వీధిలో ఉంటే, ఈ వారం ఒకసారి వెళ్ళి పలుకరించండి.