పీడీ సారు రిటైరయ్యారు.. మరి తాళంచెవి ఎవరికి?

మా కాలేజీ పీడీ సారు ఈ మధ్యే రిటైరయ్యారు. పీడీ అంటే ఫిజికల్ డైరెక్టర్. పేరులో డైరెక్టర్ ఉంది కదా అని పెద్ద గది, ఏసీ, పీఏ అంటూ ఊహించుకోకండి. స్పోర్ట్స్ రూము తాళంచెవి, మెడలో ఒక విజిలు, జేబులో పిల్లల భోజనం బిల్లులు.. అదీ ఆయన సామ్రాజ్యం. ఇరవయ్యేళ్ళకి పైగా ఏలారు.

సన్మానం బ్రహ్మాండంగా జరిగింది. శాలువాలు, గజమాల, జ్ఞాపిక అన్నీ ఉన్నాయి. మాట్లాడిన ప్రతివాళ్ళూ మహానుభావుడన్నారు, నిస్వార్థ జీవి అన్నారు. చచ్చినవాడి కళ్ళు చారెడు అంటారు చూడండి, మన దగ్గర రిటైరయినవాడి కళ్ళు కూడా చారెడే. అంతమందిలో రేపట్నుంచి ఆ తాళంచెవి ఎవరి దగ్గరుంటుంది అని ఒక్కరంటే ఒక్కరు అడగలేదు. నా బాధంతా దాని గురించే.

సరిగ్గా ఇలాంటి రిటైర్మెంటే 2024 లో అమెరికాలో ఒకటి జరిగింది. మా పెద్దనాన్న కొడుకు ఒహాయో రాష్ట్రంలో కొలంబస్‌లో ఉంటాడు. అక్కడి ఒహాయో స్టేట్ యూనివర్సిటీకి అథ్లెటిక్ డైరెక్టర్‌గా 2005 నుంచి ఉన్న జీన్ స్మిత్ ఆ ఏడాది మధ్యలో దిగిపోయాడు. చేసేది మన పీడీ పనే అనుకోవచ్చు గానీ కొలతలు వేరు. ఆయన కింద 36 ఆటలు, వెయ్యిమందికి పైగా క్రీడాకారులు, లక్ష మందికి పైగా పట్టే స్టేడియం ఉండేవి. లక్ష సీట్లు ఏ దేశం జట్టుకో అనుకునేరు, కాలేజీ పిల్లల అమెరికన్ ఫుట్‌బాల్‌కి!

ఆయన వెళ్ళిపోతున్నాడనగానే మా అన్నయ్య ఫోన్లో చెప్పింది పొగడ్తలు కాదు, తగువు. 2010 చివర్లో వాళ్ళ ఆటగాళ్ళు కొందరు తమకొచ్చిన ఉంగరాలూ బహుమతులూ అమ్ముకున్నారనీ, వాటికి బదులు పచ్చబొట్లు వేయించుకున్నారనీ బయటపడింది. 2011 లో కోచ్ జిమ్ ట్రెసెల్ రాజీనామా చేశాడు. ఆ సీజన్ చివర ఆడే బౌల్ మ్యాచ్‌ని యూనివర్సిటీయే వదులుకుని ఉంటే శిక్ష అక్కడితో తీరిపోయేదేమో. వదులుకోలేదు. దాంతో ఎన్‌సీఏఏ వాళ్ళు 2012 సీజన్‌కి నిషేధం పెట్టారు. ఆ 2012 లోనే జట్టు ఆడిన 12 మ్యాచ్‌లూ గెలిచి కూర్చుంది. ఆడదామంటే బౌల్ మ్యాచ్ లేదు! పన్నెండేళ్ళయినా అభిమానులకి ఆ మంట చల్లారలేదు. అదే నోటితో 2014 సీజన్ జాతీయ టైటిల్ సంగతీ చెప్తారు. అమ్మాయిల ఆటల్నీ చిన్న ఆటల్నీ మూసేయకుండా నడిపించాడు కదా అనీ అంటారు. మొత్తానికి ప్లస్సూ మైనస్సూ వేసి లెక్క తేల్చి పంపించారు.

మొదట విన్నప్పుడు, వెళ్ళేవాడిని ఇలా తవ్వడమేంటి, మర్యాద లేదా అనిపించింది. ఇప్పుడు మా సారు సన్మానం చూశాక అనిపిస్తోంది, అసలు మర్యాద అదేనేమోనని. ఆ కుర్చీలో కూర్చున్నవాడి నిర్ణయం వల్ల ఏదో మారుతుందని నమ్మితేనే కదా లెక్క అడుగుతాం. శాలువా కప్పి పంపించేస్తే ఆ కుర్చీ ఉన్నా లేకపోయినా ఒకటే అని చెప్పినట్టు.

సన్మానం అయ్యాక పాత వాలీబాల్ జట్టు వాళ్ళం ఆటోనగర్ గేటు దగ్గర టీకొట్టుకి చేరాం. అక్కడ గానీ అసలు మాటలు బయటికి రాలేదు. మేమంతా ఆయన ఫ్యాన్సే, అయినా వదల్లేదు.

"వాలీబాల్, కబడ్డీ తప్ప సారుకి వేరే ఆట కనపడేది కాదురా" అన్నాడొకడు. నిజమే. అథ్లెటిక్స్ పిల్లలు వాళ్ళంతట వాళ్ళే పరిగెత్తుకునేవాళ్ళు. అమ్మాయిల జట్టు కూడా చాలా ఆలస్యంగా మొదలైంది. "బడ్జెట్ ఎంతనుకున్నావు? రెండు నెట్లు, నాలుగు బంతులు కొంటే అయిపోయేది" అన్నాడు ఇంకొకడు.

నెట్లకి స్తంభాలు ఎక్కణ్ణుంచి వచ్చాయో నాకు తెలుసు. మా నాన్నది ఆటోనగర్‌లో లేత్ షాపు. ఊరు తెలియని వాళ్ళకి చెప్పాలంటే, ఇక్కడ బాడీ బిల్డింగ్ అంటే జిమ్ము కాదు, లారీ ఛాసిస్ మీద క్యాబిన్, తొట్టి కట్టడం. సారు తుప్పు పట్టిన హర్డిల్స్ ఆటోలో వేసుకుని ఇక్కడికి వచ్చేవారు. వెల్డింగ్ షెడ్లో ఉన్నవాడు ఏ పాత బ్యాచ్ కబడ్డీ ప్లేయరో అయ్యుండేవాడు. పైపుల డబ్బులు తీసుకునేవాడు, కూలి తీసుకునేవాడు కాదు. వాలీబాల్ స్తంభాలు, షాట్‌పుట్ రింగు, చిన్నింగ్ బారు అన్నీ అలా వచ్చినవే. కాలేజీ రికార్డుల్లో ఇవేవీ ఉండవు.

మాలో ఒకడు రైల్వేలో స్పోర్ట్స్ కోటాలో ఉద్యోగం చేస్తున్నాడు. టీ అయ్యేదాకా మాట్లాడలేదు. చివర్లో ఒకటే అన్నాడు: "ఎంట్రీ ఫారం ఆఖరి రోజని నాకు తెలీదు. ఆయనే నింపి, ఆయనే బస్సెక్కి వెళ్ళి ఇచ్చొచ్చారు."

తగువు అక్కడితో ఆగిపోయింది.

అసలు ఈ పీడీ అనే ఉద్యోగం మన దగ్గరికి ఎలా వచ్చిందో చూస్తే ఆశ్చర్యమేస్తుంది. 1920 లో హ్యారీ క్రో బక్ అనే అమెరికన్ మద్రాసులో వైఎంసీఏ తరఫున వ్యాయామ విద్యా కళాశాల పెట్టాడు. 1924 పారిస్ ఒలింపిక్స్‌కి వెళ్ళిన మన జట్టుకి మేనేజరూ ఆయనే. అంతకు ముందే మన కోడి రామ్మూర్తి నాయుడు సైదాపేటలో వ్యాయామ శిక్షణ పొంది విజయనగరంలో వ్యాయామ ఉపాధ్యాయుడిగా పనిచేశారు. ఏనుగుని ఛాతీ మీద ఎక్కించుకున్న సంగతి అందరికీ గుర్తు, మేష్టారన్న సంగతి ఎవరికీ గుర్తుండదు. హైదరాబాద్ రహీం సాబ్ కూడా బడిపంతులే. వ్యాయామ విద్యలో డిప్లొమా చేసి బళ్ళలో ఆటలు చూసుకున్న మనిషి, 1951 లోనూ 1962 లోనూ ఏషియన్ గేమ్స్ ఫుట్‌బాల్ స్వర్ణాలు తెచ్చిన జట్లకి కోచ్. అంటే ఇది మొదట్నుంచీ తాళంచెవి ఉద్యోగమేమీ కాదు. మనమే దాన్ని అలా చేశాం.

ఇప్పుడు అసలు విషయం. సారు పోస్టులోకి కొత్తవాళ్ళెవరూ రాలేదు. ఒక లెక్చరర్ గారికి 'అదనపు బాధ్యత' అని కాగితం ఇచ్చారు. ఆయన మంచివారే, కానీ ఆయన సిలబస్సే ఆయనకి అయ్యి చావదు. మన కంపెనీల్లో ఆరు నెలల అనుభవం ఉన్నవాడు పేపర్ వేసినా నోటీసు పీరియడ్ మొత్తం కేటీ ఇప్పిస్తారు, రికార్డింగులు పెట్టిస్తారు. ఇరవయ్యేళ్ళు ఒక్క మనిషి తలకాయలో నడిచిన సిస్టమ్‌కి ఒక గంట కేటీ కూడా లేదు. ఏ ఊరి పిల్లాడు బాగా దూకుతాడు, యూనివర్సిటీలో సెలెక్షన్స్ ఎప్పుడు, ఏ సర్టిఫికెట్టు మీద ఎవరి సంతకం ఉండాలి.. ఇదంతా ఆయనతో పాటే గేటు దాటిపోయింది.

ఏముందిలే, ఆటలే కదా అంటారా? 2024 లో ఆంధ్రప్రదేశ్ తెచ్చిన క్రీడా విధానంలో ప్రభుత్వోద్యోగాల్లో స్పోర్ట్స్ కోటా రెండు నుంచి మూడు శాతానికి పెంచుతామన్నారు. చాలా సంతోషం. కానీ ఆ మూడు శాతం దాకా నడిచి వెళ్ళే దారి మొదలయ్యేది ఆ స్పోర్ట్స్ రూము దగ్గరే. దానికి తాళం పడితే నష్టపోయేది నాలాంటి వాడు కాదు, నాకు ర్యాంకు ఉంది, కోడింగ్ ఉంది. ఆట తప్ప ఇంకేమీ లేని పిల్లాడికి పోతుంది.

అందుకని పాత విద్యార్థులం సాఫ్ట్‌వేర్ వాళ్ళమే పది మంది కలిసి, మళ్ళీ జ్ఞాపికల కోసం చందా అడిగితే ఇవ్వకూడదనుకున్నాం. పోస్టు ఎప్పుడు నింపుతారో చెప్పమని యాజమాన్యానికి ఉత్తరం రాశాం. అది తేలేదాకా వారానికి రెండు సాయంత్రాలు గ్రౌండు తెరిపించి, ఒక పార్ట్‌టైమ్ కోచ్‌ని పెట్టడానికి మా డబ్బులు ఇస్తామన్నాం. జవాబు ఇంకా రాలేదు. ఒకటి మాత్రం సారుని అడిగి సాధించాం. ఎంట్రీ ఫారాల తేదీలు, ఫోన్ నంబర్లు రాసుకున్న ఆయన పాత డైరీలు ఆరు మా దగ్గరకొచ్చాయి. ఎక్సెల్‌లోకి ఎక్కిస్తున్నాం.

మీ కాలేజీలో కూడా ఒక పీడీ సారు ఉండే ఉంటారు. రిటైరైతే శాలువా కప్పండి, తప్పులేదు. తర్వాత ప్రిన్సిపాల్ గారి గదిలోకి వెళ్ళి, ఆ పోస్టు సంగతేంటో కూడా అడిగి రండి.