అమ్మ ఇనప అలమర

వంటింట్లో తుప్పు పట్టిన ఇనప అలమరని పాత సామాన్లకి వేసేద్దామంటే అమ్మ ససేమిరా అంది. సరే, ఆదివారం నేనే కూర్చున్నా. వాషింగ్ సోడా కలిపిన వేణ్ణీళ్లతో జిడ్డు వదిలించి, ఎమరీ పేపరుతో గీకితే ఆకుపచ్చ కింద నీలం, దాని కింద బూడిద రంగు! తలుపు లోపలివైపు గ్యాస్ బండ మార్చిన తేదీలు, అమ్మ మేకుతో గీసినవి. అక్కడ మాత్రం చెయ్యి పెట్టలేదు.

రెడ్ ఆక్సైడ్ ఒక పూత, ఆరాక ఎనామెల్ పల్చగా రెండు పూతలు. మందంగా ఒకేసారి పూస్తే కారిపోతుంది. కొత్త అలమర ధరలో ఈ ఖర్చు ఏ మూలకి?

ఒక్క మాట. రంగుల్లో సీసం 90 పీపీఎం దాటకూడదన్న నిబంధన మన దేశంలో 2017 నవంబరులోగానీ అమల్లోకి రాలేదు. అందుకే పాత రంగుని పొడిగా గీకకండి. పిల్లల్ని దూరంగా పంపి, ఎన్-95 మాస్కు పెట్టుకుని, తడుపుతూ గీకండి.