కోటగిరి షోలలోని నీలిపిట్ట

నీలగిరులకు వేసవిలో బోవు మనవారు తఱచుగా ఉదకమండలముతోనే తృప్తినొంది మరలివత్తురు. అచ్చటి సరస్సును పూలతోటయు చూడదగినవి కావని నేననను. కాని యచ్చటికి సుమారు 30 కిలోమీటర్ల దూరమున, కోటగిరి చెంత, లాంగ్‌వుడ్ షోల యను చిన్న యడవి గలదు. దాని వైశాల్యము 116 హెక్టార్లు మాత్రమే. అందు వసించు నొక చిన్నపిట్టను గూర్చి సోదరీమణులకు దెలుప నుద్దేశించితిని.

షోల యనగా కొండల మడతలలో, చెమ్మ నిలుచు పల్లములందు, గుమిగూడి పెరుగు నడవి. చుట్టును పచ్చికబయళ్లు, నడుమ నీ చెట్లగుంపు. బయట నెండ కాయుచుండినను, లోపల నడుగిడినంతనే చీకటియు చలియు మనలను చుట్టుకొనును. మ్రాకులు మిక్కిలి పొడవు గావు. వంకరలు తిరిగి, నాచుచేతను, ఫెర్నులచేతను, కొమ్మల నంటి పెరుగు ఆర్కిడులచేతను కప్పబడి యుండును. మంచుమబ్బు ప్రాకి వచ్చినప్పుడు వాన లేకయే ఆకులనుండి బొట్లు రాలుచుండును.

ఆ తడిసిన యాకుచెత్తలోనే మన పిట్ట తిరుగుచుండును. దీనిని నీలగిరి షోలకిళి యందురు. కిళి యనగా మలయాళమున పిట్ట. పొడవు 15 సెంటీమీటర్లు, పిచ్చుక యంతయే. వీపును ఱొమ్మును ముదురు నీలము, ప్రక్కలు ఇటుకవన్నె, పొట్ట నడుమ తెలుపు. కాళ్లు మాత్రము దేహమునకు మించి పొడవు. రెండు గంతులిడి, నిలిచి, ఆకు క్రింది పురుగును బట్టి, మరల పొదలో దూరును. మగదానికిని ఆడుదానికిని వేషభేదము లేదు. నెమళ్లలో సింగారమంతయు మగదానికే యొసగిన ప్రకృతి యిచ్చట పక్షపాతము చూపలేదు! పాట సన్నని యీలవంటిది. కంటికి గనబడుటకు ముందు చెవికే చిక్కును.

దీనిని శాస్త్రలోకమునకు మొదట నెఱిగించినవాడు జర్డన్ దొర. ఈయన ఈస్టిండియా కంపెనీవారి వైద్యుడుగా కొంతకాలము మన నెల్లూర నుండెను. 1848లో కలివికోడిని వెలుగులోనికి దెచ్చినదియు నీయనయే. చిరకాలము ఈ పిట్టను ఉత్తరదేశపు పిట్టలతో జేర్చుచు వచ్చిరి. 2017లో జన్యుపరీక్షలు చేసి, ఇది వేఱు ప్రజాతి యనియు, పడమటి కనుమల కొండలయందు దక్క మఱెచ్చటను లేదనియు తేల్చిరి. పాల్ఘాటు కనుమకు దక్షిణమున దీని దాయాదులు గలవు. కాని నడుమనున్న సుమారు 30 కిలోమీటర్ల వేడిపల్లమును ఇవి దాటవు. దీవులలో వలె చల్లని కొండమీదనే వీని కాపురము.

నీలగిరి తైలము లేని యిల్లు మనలో నరుదు. పడిసెము పట్టినప్పుడు వేడినీట రెండు చుక్కలు వేసి యావిరి పట్టుదుము. ఆ తైలమిచ్చు చెట్టుకు నీలగిరి పేరు వచ్చెను గాని, అది నీలగిరులది గాదు. 1843 ప్రాంతమున ఆస్ట్రేలియా చెట్టును దెచ్చి యిచ్చట నాటిరి. పిమ్మట వంటచెఱకు కొఱకు విరివిగా పెంచిరి. తోళ్లు పదునుపెట్టు బెరడుకొఱకు వాటిల్ అను తుమ్మజాతి చెట్టును, వానితోపాటు తేయాకు తోటలును వచ్చెను. పచ్చికయు షోలయు తఱిగిపోయెను. మిగిలిన షోలలో ననేకము తోటల నడుమ నొంటిగా జిక్కినవి. ఒకదానినుండి మఱొకదానికి బోవుటకు ఈ పిట్టకు పొదల నీడ లేదు. నేడిది అంతరించు ప్రమాదముననున్న పక్షుల పట్టికలో జేరియున్నది.

లాంగ్‌వుడ్ షోల నిలిచియుండుటలో చుట్టుపట్ల యూళ్లవారి పట్టుదల గొప్పది. వారి త్రాగునీటి యూటలు ఇందే పుట్టుచున్నవి. నాచును ఆకుచెత్తయు వానను బీల్చుకొని, వేసవిలో గొంచెము గొంచెముగ విడుచును. ఊట యెండినచో దూరమునుండి బిందె మోయవలసినవా రెవరో మనకు వేఱుగ జెప్పనేల? 2024లో ఈ షోలను రాంసార్ ఒప్పందము ననుసరించి అంతర్జాతీయ ప్రాముఖ్యముగల తేమభూములలో జేర్చిరి.

చూడబోవువారు అటవీశాఖవారి యనుమతి నడిగి, తెల్లవాఱుసరికే చేరి, మాటలు మాని యొకచోట గూర్చుండుట మేలు. ఏప్రిల్ మొదలు జూను వఱకు బోవువారు బాట విడిచి దిగరాదు. గట్టు సందునను చెట్టు తొఱ్ఱలోను నాచు పఱచి, ఈ పిట్ట రెండు గ్రుడ్లు పెట్టు కాలమది.