తీగ లేని ఇళ్ళు: హోసూరు నుంచి కృష్ణగిరి దాకా

బెంగుళూరు నుంచి దక్షిణంగా నలభై కిలోమీటర్లు వెళితే హోసూరు. అత్తిబెలె దగ్గర కర్ణాటక అయిపోతుంది, జూజువాడి దగ్గర తమిళనాడు మొదలవుతుంది. హోసూరు బస్టాండులో పది నిమిషాలు నిలబడితే చాలు, తమిళం, కన్నడం, తెలుగు మూడూ చెవిన పడతాయి. ఇక్కడి మన తెలుగువారిలో ఎక్కువమంది నిన్న మొన్న వలస వచ్చినవారు కారు, తరతరాలుగా ఈ మట్టిలో పుట్టి పెరిగినవారే. 1956లో భాషా రాష్ట్రాలు ఏర్పడినప్పుడు ఈ ప్రాంతం మద్రాసు రాష్ట్రంలోనే ఉండిపోయింది. అప్పుడు సేలం జిల్లా, 1965 నుంచి ధర్మపురి జిల్లా, 2004 ఫిబ్రవరి నుంచి కృష్ణగిరి జిల్లా. ఊరు ఉన్నచోటనే ఉంది, జిల్లాల పేర్లే మారుతూ వచ్చాయి.

కొండ మీది చంద్రచూడేశ్వరుణ్ణి గురించీ, పక్కనే తొరపల్లిలో పుట్టిన రాజాజీని గురించీ మన పాఠకులకు కొత్తగా చెప్పనక్కరలేదు. ఈ వేసవిలో బంధువుల ఇళ్ళు చుట్టి వచ్చినప్పుడు నేను గమనించినది వేరొక సంగతి. నేను దిగిన ఆరేడు ఇళ్ళలో ఒక్క ఇంట్లో కూడా టెలిఫోను తీగ లేదు. అందరికీ ఇంటర్నెట్ ఉంది, అదంతా జేబుల్లోనే ఉంది. దేశమంతటా ఇదే తీరు. టెలికాం నియంత్రణ సంస్థ ట్రాయ్ 2024లో ఇచ్చిన లెక్కల ప్రకారం ఇంటర్నెట్ చందాదారుల్లో నూటికి తొంభై అయిదుగురికి పైగా గాలిలో వచ్చే సంకేతాన్నే వాడుకుంటున్నారు. తీగ ద్వారా తీసుకునేవారు నూటికి అయిదుగురు కూడా లేరు.

ఒకప్పుడు ఇంట్లో ఫోను ఉండటమే ఒక హోదా. దరఖాస్తు పెట్టి ఏళ్ళ తరబడి ఎదురుచూసిన తరం ఇంకా మన మధ్యే ఉంది. హోసూరుకు 04344, కృష్ణగిరికి 04343 అని కోడ్ నంబర్లు డైరీ మొదటి పేజీలో రాసుకునేవాళ్ళం. పసుపు బోర్డు ఎస్‌టీడీ బూతుల్లో రాత్రి ధర తగ్గే వేళ కోసం వరుసలో నిలబడేవాళ్ళం. 1995 ఆగస్టు 15న మన దేశంలో ప్రజలకు ఇంటర్నెట్ మొదలైంది. 2004లో ప్రభుత్వం బ్రాడ్‌బాండ్ అనే మాటకు కనీసం 256 కేబీపీఎస్ వేగం అని నిర్వచనం ఇచ్చింది. అప్పుడు హోసూరు వంటి పట్టణాల్లో కొందరి ఇళ్ళకు ఆ పాత రాగి తీగ మీదనే బ్రాడ్‌బాండ్ వచ్చింది కూడా. అయితే రోడ్డు వెడల్పు చేసినా తీగ తెగేది, మురుగు కాల్వ తవ్వినా తెగేది. తెగినదాన్ని అతికించేవారి కోసం తిరిగి తిరిగి విసిగినవాళ్ళు 2016 సెప్టెంబరులో జియో వచ్చి డేటా ధరలు ఒక్కసారిగా పడిపోయాక ల్యాండ్‌లైను సరెండర్ చేసి ఊరుకున్నారు.

సరిహద్దు ఊళ్ళవారికి మరో తలనొప్పి ఉండేది. టెలిఫోను లెక్కలో దేశాన్ని సర్కిళ్ళుగా పంచారు. హోసూరు, కృష్ణగిరి తమిళనాడు సర్కిల్. అత్తిబెలె కర్ణాటక సర్కిల్. కృష్ణగిరికి ఉత్తరాన ఉన్న కుప్పం ఆంధ్ర సర్కిల్. గాలికి చెక్‌పోస్టు లేదు కదా! మన వాకిట్లో కూర్చుని ఉండగానే ఫోను అవతలి రాష్ట్రం టవరును పట్టుకునేది. వెంటనే "కర్ణాటకకు స్వాగతం" అని సందేశం, ఆ వెనుకనే రోమింగ్ చార్జీ. ఇంట్లో కాలు కదపకుండానే పరాయి రాష్ట్రానికి పోయి వచ్చినంత ఖర్చు. 2016, 2017 సంవత్సరాల్లో రోమింగ్ చార్జీలు పోయాకనే ఈ మూడు రాష్ట్రాల కూడలిలో సెల్‌ఫోను నిజంగా ఇంటి ఫోను కాగలిగింది.

హోసూరుకు ఈ పద్ధతి సరిపోవడానికి ఇంకొక కారణం ఉంది. ఇది ఫ్యాక్టరీల ఊరు. అశోక్ లేలాండ్, టీవీఎస్, టైటాన్ వచ్చాక సిప్కాట్ చుట్టూ అద్దె ఇళ్ళ కాలనీలు వెలిశాయి. కాంట్రాక్టు పనివారు ఏడాదికి ఒక ఇల్లు, రెండేళ్ళకు ఒక ఇల్లు మారుతూ ఉంటారు. గోడకు చిల్లు పెడతామంటే ఒప్పుకోని ఇంటి యజమానులూ ఉన్నారు. సిమ్ముకు ఈ బాధ లేదు. సామాన్లతో పాటు అదీ బండి ఎక్కుతుంది.

మరి చిక్కు ఎక్కడ అంటారా? అలాంటి ఒక కాలనీలో మా వదిన వరసావిడను "ఇంట్లో నెట్ ఉందా?" అని అడిగాను. "ఆయన ఇంట్లో ఉంటే ఉండాది" అంది. హాస్యానికి అన్నది కాదు. భర్త రెండో షిఫ్టుకు పోతే ఇంటర్నెట్ కూడా ఆయన జేబులో షిఫ్టుకు పోతుంది. రాత్రి పదకొండు దాటాక ఆయనతో పాటే తిరిగి వస్తుంది. అప్పటికి పిల్లలు నిద్రపోయి ఉంటారు. 2020 మార్చిలో లాక్‌డౌన్ వచ్చి, బడులు మూసి, పాఠాలు ఫోనులో మొదలైనప్పుడు ఆ ఇంట్లో ఫోను ఒకటి, పిల్లలు ఇద్దరు. పెద్దదానికి పరీక్షలని చిన్నవాడి పాఠాలు మానిపించారట. వాడు ఒక ఏడాది చదువు ఇప్పటికీ పూడ్చుకుంటూనే ఉన్నాడు.

లెక్క చూడండి. మామూలు రీచార్జిలో రోజుకు ఒకటిన్నర, రెండు జీబీలు ఇస్తారు. ఒక గంట వీడియో పాఠానికి అర జీబీ నుంచి ఒక జీబీ దాకా పోతుంది. కోటా అయిపోతే చాలా పథకాల్లో వేగం 64 కేబీపీఎస్‌కు పడిపోతుంది. అంటే 1990లలో కీచుకీచుమనే డయలప్ మోడెమ్ ఇచ్చిన వేగానికి కాస్త అటూ ఇటూ. ఎక్కడ మొదలుపెట్టామో అక్కడికే వచ్చామన్నమాట!

హోసూరు నుంచి కృష్ణగిరికి యాభై కిలోమీటర్లు. శూలగిరి దాటాక దారికి ఇరువైపులా నల్లరాతి గుట్టలు, ఆ పైన మామిడి తోటలు. కృష్ణగిరి మామిడికాయ, మామిడి గుజ్జు దేశదేశాలకు పోతాయి. జిల్లా కేంద్రమై ఇరవై ఏళ్ళు దాటినా ఈ ఊరికి రైలు స్టేషను మాత్రం లేదు. తోటల్లో కాపలా ఉండేవారి చేతుల్లో కూడా స్మార్టుఫోన్లు చూశాను. ఏ మండీలో ఏ ధర పలుకుతోందో ఉదయమే వాట్సాప్‌లో తెలిసిపోతుంది. తోటకు తీగ లాగేవారు ఎవరూ లేరు కనుక అక్కడ సెల్‌ఫోనుకు సాటి లేదు, ఆ మాట ఒప్పుకోవలసిందే.

గుట్టల చాటు పల్లెల్లో కథ వేరు. టవరు సంకేతానికి రాయి గిట్టదు. గుట్ట అడ్డం వస్తే నీడ పడినట్టు ఆ వెనక ఊరంతా సంకేతం మసకబారుతుంది. మందపాటి రాతి గోడల ఇంట్లో అయితే మరీను. తక్కువ ఫ్రీక్వెన్సీ తరంగాలు గోడల్లోకి కొంత దూరతాయి. ఎక్కువ వేగం ఇచ్చే పై ఫ్రీక్వెన్సీలు వాకిట్లోనే ఆగిపోతాయి. దానికి తోడు ఒక టవరు కింద ఉన్నవారంతా ఉన్న వేగాన్ని పంచుకోవాలి. సాయంత్రం ఏడు గంటల బస్సులాగా, అందరూ ఒకేసారి ఎక్కితే ఎవరికీ చోటు చాలదు.

వేపనపల్లి వైపు, ఆంధ్ర సరిహద్దుకు దగ్గరగా, మా దూరపు బంధువుల ఇల్లు ఒకటి ఉంది. ఆ ఇంట్లో ఎనభై ఏళ్ళ అవ్వ. పాత రోజుల్లో గూట్లో ల్యాండ్‌లైను మోగితే మొదట ఎత్తేది ఆమే. ఎవరికి ఫోను వచ్చినా ముందు అవ్వతో నాలుగు మాటలు మాట్లాడాకనే అసలు మనిషికి అందేది. ఆ నంబరు ఇంటి నంబరు. ఇప్పుడు కొడుకుకు ఒక నంబరు, కోడలికి ఒక నంబరు, మనవడికి ఒకటి. అవ్వకు లేదు. పగలు అందరూ తోటకో కాలేజీకో పోతే, ఊళ్ళో ఉన్న ఇంటర్నెట్ అంతా ఆమె పక్క నుంచే పోతున్నా ఆమెకు చిక్కదు.

ఇది ఒక్క అవ్వ సంగతి అయితే ఇంత రాయను. తమిళనాడులో 2006 నాటి తమిళ అభ్యసన చట్టం తరువాత బడిలో మొదటి భాష తమిళం అయింది. మన పిల్లలకు తెలుగు అక్షరం అందేది ఇక ఎక్కువగా ఇంట్లో పెద్దల దగ్గరే. ఆ పెద్దలకు, బెంగుళూరులోనో అమెరికాలోనో ఉన్న మనవళ్ళకు మధ్య ఉన్న దారి ఈ ఇంటర్నెటే. అది జేబులో ఎక్కి బయటికి పోతే ఆ దారీ పోయినట్టే.

ఆ ఇంటివారు మొన్నటి సంక్రాంతికి ఒక ఉపాయం చేశారు. సిమ్ము వేసుకునే చిన్న వైఫై పెట్టె ఒకటి కొని, వేరే సిమ్ము వేసి, టవరు కనిపించే తూర్పు కిటికీలో పెట్టారు. దాన్ని ఎవరూ బయటికి తీసుకుపోకూడదని కోడలు కట్టడి చేసింది. పాత ఫోను ఒకటి అవ్వకు ఇచ్చారు. తీగ అందుబాటులో ఉన్న కాలనీల్లో అయితే ఫైబరు కనెక్షన్ నెలకు నాలుగైదు వందల్లో దొరుకుతోంది, ఇద్దరు ముగ్గురు చదువుకునే ఇంటికి అదే మేలు. 2023 నుంచి తీగ లేకుండా 5జీ సంకేతాన్నే ఇంటి పెట్టెకు ఇచ్చే పథకాలు కూడా వచ్చాయి. కానీ గుట్ట చాటు పల్లెకు అవి చేరాలంటే ముందు టవరు చేరాలి.

మేము వెళ్ళినప్పుడు నాలుగు గంటలు కావస్తోంది. అవ్వ అద్దాలు తుడుచుకుని కిటికీ పక్కన ముక్కాలి పీట వేసుకుంది. అవతల బెంగుళూరులో ముని మనవరాలు పలక పట్టుకుని కూర్చుంది. ఆరోజు పాఠం ఒత్తులు. మధ్యలో రెండుసార్లు బొమ్మ ఆగిపోయింది. అవ్వ పెట్టెను అరచెయ్యంత పక్కకు జరిపి, "ఇప్పుడు కనిపిస్తాండానా? క కింద క వత్తు పెట్టు" అంది.